మూడో పిలుపుకు పలికే మనిషి

ముందే ఒప్పేసుకుంటే ఒక పనైపోతుంది. నాకు ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పడం చేతకాదు. మా ఇంటావిడ నా మాటల్ని నాలుగుతో భాగించి, వచ్చినదాంట్లోంచి ఇంకొంచెం తీసేసి నమ్ముతుంది. కుప్పంలో మేముండే వీధి చివరికి ఏనుగొచ్చిందని ఒకసారి రాస్తే, అది దూడేమో సరిగ్గా చూశారా అని చదివినవాళ్ళు ఫోన్లు చేశారు. అది ఏనుగే. కాకపోతే నేను రాసినట్టు మా గేటు దగ్గర ఆగి కాఫీ వాసన పీల్చలేదు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయే మనిషిని కూడా మీరు కాస్త తగ్గించుకునే చదవండి. ఇందులో నేను కల్పించింది ఏదో చివర్లో నేనే చెప్పేస్తాను. మామూలుగా చెప్పను. ఈయన విషయంలో చెప్పక తప్పదు.

మొన్న పుంగనూరు బస్టాండు ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. టీ మాస్టరు గ్లాసు పట్టుకుని "అప్పా" అన్నాడు. తిరిగాను. నేను చెయ్యి చాచినా ఇవ్వకుండా "అప్పా" అన్నాడు. మళ్ళీ "అప్పా" అని, అప్పుడు గ్లాసు చేతికిచ్చాడు.

"ఏమయ్యా, ఒక్కసారి పిలిస్తే చాలదా? ఎదురుగానే ఉన్నాను కదా!"

"ఆయప్ప సేసి పోయిన అలవాటు సామీ. మా ఇంట్లోదాన్ని గూడా మూడు తూర్లు పిలస్తాండా. పిచ్చిపట్టినాదంటాది."

ఇద్దరం ఒకేసారి గోడవైపు చూశాం. బల్ల పైన, గోడకు, ఆయన గొడుగు తగిలించుకునే మేకు ఒకటుంది. దాని మీద ఇంకెవరూ ఏమీ తగిలించడం లేదు. సంచి తగిలించబోయిన మనిషిని మాస్టరు ఒకసారి తిట్టాడట. మాస్టరు చెప్పలేదు, తిట్లు తిన్నవాడే చెప్పాడు.

ఆయన పేరు రాయను. కొండ మీద మనిషిని పేరు పెట్టి పిలవకూడదన్నది ఆయన పెట్టుకున్న చట్టం. నాకు ఆయన గుర్తొచ్చేది కొండల మీదే గనక ఆ చట్టాన్ని ఇక్కడా పాటిస్తున్నాను. సదుం పక్కన ఒక పల్లెలో, మేకలు తప్ప వేరే ఆస్తి లేని ఇంట్లో పుట్టాడు. మేకల్ని కొండకు తోలేటప్పుడు వాళ్ళ అవ్వ రోజూ ఒకే మాట చెప్పి పంపేదట.

"కొండకు గొంతులొస్తాయి నాయనా. మీయమ్మ గొంతొస్తాది, మీ నాయన గొంతొస్తాది. పలికితివా, దాని ఎంబడే పోతావు. అది రెండు తూర్లే పిలస్తాది. మూడోతూరి పిలిసేది మనిషే. దానికి పలుకు."

తర్వాత ఆయన మిషన్ బడిలో చదివాడు, బాప్తిస్మం తీసుకున్నాడు, మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో ఉద్యోగంలో చేరాడు. దేవుడు మారాడు గానీ కొండ మారలేదు. చర్చిలో అయ్యగారు ఒకసారి గట్టిగానే అడిగారట, విశ్వాసివై ఉండి ఇదేం పాడు నమ్మకం అని. ఈయన చేతులు కట్టుకుని, "దేవుడు మాత్రం మనల్ని ఒగ పిలుపుతో యిడిసిపెట్నాడా అయ్యగారూ? మళ్ళా మళ్ళా పిలస్తానే ఉండాడు గదా" అన్నాడట. అయ్యగారు వారం రోజులు ఆలోచించి, తర్వాతి ఆదివారం దాన్నే ప్రసంగంగా చెప్పారు. నాలుగుతో భాగించినా కొంత మిగులుతుంది.

ఇల్లు, వీధి, ఆసుపత్రి, పెళ్ళిపందిరి అన్నీ ఆయనకు కొండలే. ఎవరు పిలిచినా, ఎంత దగ్గర్నుంచి పిలిచినా, మూడో పిలుపుకే పలికేవాడు. క్షవరం కుర్చీలో కూర్చుంటే మంగలి "తల వంచప్పా" అని మూడుసార్లు చెప్పాలి. ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోవాలి, మూడోసారి చేస్తే ఎత్తుతాడు. రెండుసార్లు చేసి మానుకున్న బంధువులు ఆయనకు పొగరని ప్రచారం చేశారు. మూడోసారి చేసినవాళ్ళు మటుకు అంత మెత్తగా మాట్లాడే మనిషిని చూడలేదనేవాళ్ళు.

నేనాయన్ని మొదట చూసింది ఆ ఎక్స్‌రే గదిలోనే. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్ళు. జాతరలో కొనిపెట్టిన బుడగ తాలూకు పీక మింగేశాను. ఊపిరి తీస్తే లోపల్నుంచి "పీ", వదిలితే "పో". వరండాలో కూర్చున్న రోగులు రైలొచ్చిందనుకుని మూటలు సర్దుకున్నారు. ఆయన నా చొక్కా విప్పించి, చల్లటి పలకకు ఛాతీ ఆనించి నిలబెట్టి, "ఊపిరి బిగబట్టు. కదలొద్దు" అన్నాడు.

సరిగ్గా అప్పుడు బయట్నుంచి ఒక ఆడగొంతు. "ఏవండోయ్!"

ఆ గొంతు వాళ్ళావిడది. అదే ఆసుపత్రిలో నర్సు. భీమిలి పక్కనించి వచ్చిన మనిషి. అలల మోతను దాటించి మాట్లాడడం పుట్టుకతో నేర్చుకున్నదేమో, ఆవిడ పిలిస్తే పిలుపు చివర గాలిపటంలా పైకి లేచేది. మదనపల్లెలో ఆవిడ పిలిస్తే పుంగనూరులో ఆవులు పాలు చేపడం మానేసేవి.

"ఏవండోయ్!" రెండోసారి. ఆయన కదల్లేదు. నేనూ కదల్లేదు, నాకు కదలొద్దని చెప్పారు కాబట్టి. ఊపిరీ వదల్లేదు.

"ఏవండోయ్! సెవిలో సీసం పోసుకున్నారేటి?"

"వస్తాండా!" అని ఆయన ఒక్క పరుగున బయటికి వెళ్ళిపోయాడు. నాకు "వొదులు" అని చెప్పడం మర్చిపోయాడు.

ఆయన తిరిగొచ్చేసరికి నేను వంకాయ రంగుకు వచ్చాను. "అయ్యో నా సామీ, ఇంగా పట్టుకోనుండావా! వొదులప్పా, వొదులు!" వదిలాను. ఎంత గట్టిగా వదిలానంటే లోపలి పీక ఎగిరొచ్చి గోడ మీది గడియారానికి తగిలింది. ఎక్స్‌రేతో పని లేకుండా పోయింది. ఆవిడ గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వి, నా తల నిమిరి అంది. "ఈయన సంగతి నీకు తెల్దు బాబూ. నాను పిలిసే మొదటి రెండూ కొండకి. మూడోదే మా ఆయనకి."

పెళ్ళయిన మొదట్లో ఒకటికి రెండుసార్లు అలిగిందట. తర్వాత అలవాటు చేసుకుంది. ప్రతి పిలుపూ మూడు పిలుపులు. ఒక్కరోజూ విసుక్కోకుండా. విసుక్కునేది లెండి, కానీ మూడోది మానలేదు.

నడివయసు వచ్చి నా పొట్ట నాకంటే ముందు గదిలోకి ప్రవేశించడం మొదలయ్యాక, డాక్టరు నడవమన్నాడు. ఆయన అప్పటికే ఉద్యోగం విరమించి పుంగనూరులో ఇల్లు కట్టుకుని, ఆదివారం ఆరాధన కాగానే ఏదో ఒక కొండెక్కుతున్నాడని తెలిసి తోడు చేరాను. నల్లగొడుగు ఒకటి చేతికర్రలాగా పట్టుకుని ముందు నడిచేవాడు. డెబ్భై దాటిన మనిషి. మేకకు ఉద్యోగమిచ్చి పింఛనిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేవాడు. నేను వెనకాల ఇంజన్‌లాగా ఆవిరి వదులుతూ వెళ్ళేవాణ్ణి. పేర్లు నిషేధం గనక ఆయన నన్ను చొక్కా రంగుతో పిలిచేవాడు. "ఓ ఎర్రసొక్కా, బిన్నా రా!" నేనాయన్ని "ఓ గొడుగాయనా" అనేవాణ్ణి. ఒకసారి పూలచొక్కా వేసుకెళ్తే పొద్దుగూకేదాకా నాతో మాట్లాడలేదు. ఏ పేరు పెట్టాలో తోచలేదట.

గుర్రంకొండ కోట దిగేటప్పుడు ఒకసారి కాలు జారి రేగుకంపలో కూర్చున్నాను. ఎక్కడ కూర్చున్నానో, ముళ్ళు ఎక్కడ దిగాయో వివరించను. "గొడుగాయనా!" అని అరిచాను. "గొడుగాయనా!" అని మళ్ళీ అరిచాను. రెండో అరుపులో నా జీవితం మొత్తం ఉంది. దానికే ప్రాణం కడబట్టి మూడోది నోట్లోంచి రాలేదు. ఆయన మలుపు అవతల గొడుగు మీద గడ్డం ఆనించుకుని తాపీగా నిలబడి ఉన్నాడు. కాసేపటికి ఎలాగో మూడోది మూలిగాను. వెంటనే వచ్చాడు.

"వినపడలేదా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"యాల ఇనపడలా? రెండూ ఇనపడినాయి."

"మరి?"

"మూడోది పిలవకుంటే అది నువ్వో కాదో నాకెట్ల తెలస్తాది సెప్పు?" అంటూ గొడుగు కొసతో కంప తప్పించి, చెయ్యిచ్చి లేపాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఎండలో నిలబడ్డ మనిషి చెయ్యి అంత చల్లగా ఉండకూడదు. ఆ మూడోది నేను మూలగలేకపోయుంటే ఏమని వెతుక్కునేవాడో, అసలు వెతికేవాడో కాదో అని ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే నవ్వు రాలేదు.

చలికాలంలో హార్సిలీ కొండ మీదికి పొద్దున్నే వెళ్ళేవాళ్ళం. కింద మంచు పరుచుకుని, గుట్టలు మాత్రం దీవుల్లా తేలుతూ ఉండేవి. ఆయన చాలాసేపు చూసి, "సముద్రమంటే ఇట్లనే ఉంటాదంటనా?" అని అడిగేవాడు. అంత వయసొచ్చినా ఆయన సముద్రం చూడలేదు. పెళ్ళి మదనపల్లెలోనే జరిగింది. అత్తవారే ఇటు వచ్చిపోయేవారు. ఆవిడ ఎన్నిసార్లు రమ్మన్నా, ఈ ఆదివారం కాదు, ఈ నెల కాదు అని వాయిదా వేశాడు.

"మీయి కొండలేటండీ, వొట్టి రాళ్ళ గుట్టలు! మా కొండ వెన్ను మీద నిలబడితే సముద్రం మొత్తం కాళ్ళ కాడికొచ్చి పడుకుంటాది. ఒక్కసారి ఎక్కి సూసి మాటాడండి" అనేది ఆవిడ, మేం కొండ దిగి వచ్చినప్పుడల్లా, మజ్జిగ ఇస్తూ.

ఒక సాయంత్రం ఆయన ముందరి అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. పెరట్లోంచి ఆవిడ పిలిచింది. ఏవండోయ్. ఈయన పేపరు తిప్పాడు. ఏవండోయ్. ఈయన కళ్ళద్దాలు తీసి మడిచి జేబులో పెట్టుకుని, లేవడానికి సిద్ధంగా, మూడోదాని కోసం కూర్చున్నాడు.

మూడోది రాలేదు.

ఇక్కడ నేను ఏ మాటా పెంచలేను. పెంచేందుకు చోటు లేదు. పొయ్యి మీద పాలు మాడిన వాసన వచ్చాక ఆయన లోపలికి వెళ్ళాడు. ఆవిడ పెరట్లో బట్టలుతికే బండ మీద తల పెట్టుకుని పడి ఉంది. గుండె. మొదటి పిలుపుకు లేచినా దక్కేది కాదని డాక్టర్లు చెప్పారు. ఆయన విన్నాడు, తల ఊపాడు. నమ్మాడో లేదో తెలీదు.

సమాధుల తోటలో అందరూ వెళ్ళిపోయాక గొడుగు మూసి నా పక్కకు వచ్చాడు. "నలభై ఏండ్లు మూడు తూర్లు పిలిసిందప్పా. ఆ పొద్దు మాత్రం రెండే" అన్నాడు. అంతే. ఆ తర్వాత మా వైపు కొండలెక్కడం మానేశాడు. అరుగు మీద కూర్చుని ఉండేవాడు. ఆయన చెల్లెలి కూతురు ఇంట్లోకి వచ్చి చేరి వండి పెట్టేది. ఆ అమ్మాయి మూడుసార్లు పిలిచినా కూడా ఒక్కోసారి కదిలేవాడు కాదట. లెక్క వేరే ఎక్కడో ఆగిపోయి ఉండేది.

ఏడాది నిండాక ఒక ఆదివారం నాకే ఫోన్ చేశాడు. "ఆయమ్మ కొండకు తోడొస్తావా?" అన్నాడు.

"ఏముందక్కడ?"

"ఈడ పిలవలా. ఆడేమన్నా పిలస్తాదేమో."

నవ్వించడం నా వృత్తి. ఆ మాటకు మాత్రం టికెట్లు తీశాను.

తిరుపతి నుంచి విశాఖ, అక్కడ్నుంచి భీమిలి దారి. కొండ పేరు చెప్పను, ఆయన పేరుకు పెట్టిన చట్టమే ఈ ఒక్క కొండకూ. కింద తాటిచెట్ల దగ్గర ఒకావిడ ముంజలు కొడుతోంది. "ఏటి బాబూ, ఈ ఎండలో పైకెల్తారేటి? మీ వొల్ల అవుద్దా?" అంది నా పొట్టను చూసి. ఆయన ఠక్కున ఆగిపోయాడు. వెళ్ళి ఆవిడ ఎదుట గొంతుక్కూర్చున్నాడు. ఒక ముంజ తిన్నాడు. "ఏమన్న్యావమ్మా?" అన్నాడు. ఆవిడ మళ్ళీ అంది. ఇంకో ముంజ. "దోవ యాడుండాది?" ఆవిడ చెప్పింది. మళ్ళీ అడిగాడు. ఆవిడ మాట్లాడుతూనే ఉండాలని తింటూనే ఉన్నాడు. బండెడు ముంజలు తిన్నాడని రాయాలని ఉంది. నాలుగైదు తిని ఉంటాడు. నాలుగైదుకే ఆ మనిషి కళ్ళు నిండిపోయాయి.

దారి జీడిమామిడి పొదల్లోంచి మొదలై, తర్వాత నిటారుగా లేచింది. ఎర్రమట్టి, కాలికింద జారే గులకరాళ్ళు. ఎవరో ఆకాశానికి నిచ్చెన వేయబోయి మధ్యలో మనసు మార్చుకుని వదిలేసినట్టుంది. చేతులు కూడా నేలకు ఆనించి ఎక్కాను. నా గుండె చొక్కా బయటికి వచ్చి నా పక్కనే ఎక్కింది. ఆయన మాత్రం గొడుగు పొడుచుకుంటూ, వెనక్కి చూడకుండా వెళ్తున్నాడు. "ఓ తెల్లసొక్కా, వస్తాండావా?" అన్న మాట పైనుంచి అప్పుడప్పుడు రాలిపడేది.

చివరికి కొండ వెన్ను మీదికి వచ్చాం. బండి చక్రం పట్టేంత వెడల్పు. ఒకవైపు మేం వచ్చిన ఊరు, రోడ్డు, తాటితోపు. రెండోవైపు నేల తెగిపోయి, కింద ఎక్కడో తెల్లటి నురగ, ఆపైన సముద్రం. ఆవిడ చెప్పింది నిజం. కాళ్ళ దగ్గరికి వచ్చి పడుకుని ఉంది. అంత పెద్దదాన్ని ఇంకా పెద్దది చేయడం నాకూ సాధ్యం కాలేదు.

ఆయన సముద్రం చూడలేదు. అంత దూరం వచ్చి, దాని వైపు వీపు తిప్పి, గొడుగు నేలకు గుచ్చి, తల కాస్త వంచి నిలబడ్డాడు. అరుగు మీద కూర్చున్నప్పటి వంపే అది.

"రొంత గమ్మునుండు" అన్నాడు. "నీ రొప్పుడికి ఏమీ ఇనపడల్యా. ఊపిరి బిగబట్టు. కదలొద్దు."

బిగబట్టాను. ఏడేళ్ళ వయసులో బిగబట్టినట్టే.

గాలి. కింద అల విరిగిన చప్పుడు. మళ్ళీ గాలి. నాకు గాలి తప్ప ఏమీ వినపడలేదు.

ఆయన తల ఎత్తాడు. ముఖంలో ఏళ్ళ తరబడి ముడివేసిన దారమేదో తెగిపోయింది. "వస్తాండా!" అని అరిచాడు. సముద్రం వైపు తిరిగి, చెయ్యి నోటికి అడ్డం పెట్టి, "వస్తాండా! వస్తాండానమ్మా!" ఒక అడుగు ముందుకు కూడా వేశాడు. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. చొక్కా పట్టుకున్న సంగతి కూడా ఆయనకు తెలియలేదు.

చాలాసేపటికి నావైపు తిరిగాడు. "ఇన్యావా?"

పెద్దమనిషి. అంత దూరం వచ్చాడు. "విన్నానప్పా" అన్నాను.

దిగేటప్పుడు నన్ను ఆట పట్టించాడు. ముంజలావిడ ఒక్కసారి "బాబూ" అంటే "ఏమ్మా" అని పలికాడు. రైల్లో టీ అమ్మేవాడి మొదటి కేకకు పలికాడు. పుంగనూరులో టీ మాస్టరు "అప్పా" అనగానే "తే" అన్నాడట. మాస్టరు చేతిలో గ్లాసు జారిపోయింది.

నాకు భయమేసింది. "ఏమప్పా, మీ అవ్వ మాట మర్చిపోయావా? మొదటి పిలుపుకే పలికితే ఎట్లా?"

"ఇంగ ఎవురు పిలిసినా ఒగటే లేప్పా" అన్నాడు, నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

వానలు మొదలయ్యేలోపే పోయాడు. చెల్లెలి కూతురు చెప్పింది. "అరుగు మీద కూర్చోనుండాడన్నా. 'వస్తాండా' అని లేసినాడు. ఎవురు పిలిసినారు మామా అంటి. పలకలా. నేనైతే పిలవలేదన్నా. ఈదిలో గూడా ఎవురూ లేరు."

మాటిచ్చాను గనక చెబుతాను. పీక గడియారానికి తగల్లేదు, నా కాళ్ళ దగ్గరే పడింది. ఆవులు చేపడం మానలేదు. అయ్యగారి ప్రసంగం నేను వినలేదు. ఇవన్నీ కాస్త సాగదీసినవి. కల్పించింది మాత్రం ఒక్కటే. కొండ వెన్ను మీద నాకు గాలి తప్ప ఏమీ వినపడలేదని రాశాను చూశారా, అది.

ముంజలావిడే పిలిచిందనుకోవడానికి లేదు, ఆవిడ ఉన్నది రోడ్డు వైపు. ఆ గొంతు వచ్చింది సముద్రం వైపు నుంచి, మనిషి నిలబడడానికి చోటులేని వైపు నుంచి. చివర గాలిపటంలా పైకి లేచింది. ఒక్కసారే పిలిచింది. మొదటి రెండూ ఎప్పుడో పిలిచేసింది కదా. ఇంట్లో నాలుగుతో భాగించే మనిషికి కూడా ఈ సంగతి చెప్పలేదు. భాగిస్తే ఏం మిగులుతుందోనని.

ఆ రోజూ ఆయన నాకు "వొదులు" అని చెప్పడం మర్చిపోయాడు.